అంతర్వేది తెలుపు

దమ్మపేట చుట్టుపక్కల ఎండ నేలకు దిగేసరికి ముక్కలైపోతుంది. పామాయిల్ తోటల్లో మట్టలు పైన ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయి కప్పు కట్టేస్తాయి. మిట్టమధ్యాహ్నం కూడా చెట్ల వరసల మధ్య మసకే. ఆ మసకలో అక్కడక్కడ అరచేతి వెడల్పున ఎండ పడి, కళ్లు జిగేల్‌మనేంత తెల్లగా మండుతుంటుంది. ములకలపల్లి వైపు అడవిలోకి పోతే టేకు, మద్ది, వెదురు. అక్కడా అంతే. ఈ వెలుగులో ఫొటోలు తీస్తూ వచ్చినవాడి కన్ను చీకట్లో వెలుగును వెతుక్కోవడానికి అలవాటు పడుతుంది. గెల కోసే మనిషి గెడ చివర కొడవలి మీద మెరుపు, కోయగూడెంలో పొయ్యి ముందు కూర్చున్న ముసలమ్మ చెంప మీద మంట వెలుగు, ఇలాంటివే నా స్టూడియో గోడ మీద ఎక్కువ.

తీరానికి వెళ్తే ఈ అలవాటు సాయం రాదు. అక్కడ వెలుగును వెతకక్కర్లేదు. ఆకాశం నుంచీ నీళ్ల మీంచీ తడి ఇసుక మీంచీ వచ్చి మీద పడుతుంది. అక్కడ కన్ను వెతుక్కునేది నలుపును. ఎంత నలుపు దొరికింది, ఎక్కడ దొరికింది అన్నదాన్ని బట్టే బొమ్మకు ఒక మనసు వస్తుంది. అది తేల్చుకోవాలనే పుష్యమాసంలో, మంచు బాగా పడే రోజులు చూసుకుని, మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని అంతర్వేది బయల్దేరాను.

అశ్వారావుపేట దాటితే ఆంధ్రా. ఆ గీత 2014లో వచ్చింది. అంతకుముందు నుంచీ మాకు పెళ్లి బట్టలకైనా పెద్ద వైద్యానికైనా అటు జంగారెడ్డిగూడెం, రాజమండ్రి అలవాటు. జీలుగుమిల్లి దగ్గర పొగాకు చేలు మొదలవుతాయి. ఆకు కాల్చే బ్యారన్లు, వాటి పక్కన పేర్చిన కట్టెలు, ఎర్రటి నేల. ఇక్కడిదాకా రంగులన్నీ మా ఊరివే. తాడేపల్లిగూడెం దాటాక నేల బల్లపరుపుగా సాగిపోతుంది. కాలవలు వస్తాయి. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పంచిపెట్టిన నీళ్లవి. వరి మళ్లు, వాటిని తోసుకుంటూ వచ్చిన రొయ్యల చెరువులు. చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతూ తెల్లటి నురగ చిమ్ముతున్నాయి. చెట్టు చిన్నదవుతూ ఆకాశం పెద్దదవుతూ వచ్చింది. కారు తోలుతున్న మేనల్లుడు కళ్లు చికిలించి, "మామా, ఇక్కడ అంతా ఒకటే తెలుపేంది?" అన్నాడు. వాడు పుట్టి పెరిగింది మండలపల్లిలో. ఇంత ఆకాశం ఒక్కసారిగా చూడటం వాడికి కొత్త.

వాడికి దారిలో హైకీ గురించి చెప్పాను. ఇక్కడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర చాలామంది దీన్ని "బ్రైట్‌నెస్ పెంచడం" అనుకుంటారు. హైకీ బొమ్మలో టోన్లన్నీ తెలుపు వైపు చేరి ఉంటాయి. లేత బూడిద, పాలతెలుపు, ముత్యపు తెలుపు, వాటి మధ్య అతి స్వల్పమైన తేడాలు. నలుపు ఉంటే ఎక్కడో కొంచెం. స్లైడర్ కుడివైపుకి జరిపేస్తే వచ్చేది వేరు. అందులో తేడాలన్నీ చచ్చిపోయి, కాగితం మాత్రం మిగులుతుంది. హైకీలో కష్టమంతా తెలుపును బతికించడంలోనే ఉంది.

రాత్రి నరసాపురంలో ఆగాం. అక్కడ ఒక ఇంటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు లేసు అల్లుతుంటే చాలాసేపు చూశాను. క్రోషే సూది, తెల్ల నూలు, ఒళ్లో తెల్లటి గుడ్డ. 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లండ్ మిషనరీ దంపతులు ఇక్కడ మొదలుపెట్టిన పని ఇది. గోదావరి జిల్లాల్లో వేల ఇళ్లలోకి పాకింది. ఇంట్లో కూర్చుని చేసే పని కాబట్టి పనే కాదన్నట్టు కూలి కట్టిన తీరు గురించి మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లో ఒక పుస్తకమే రాసింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మా భద్రాచలం పైన దుమ్ముగూడెంలోనూ మిషనరీల కాలంలో ఇదే పని ఉండేది. దుమ్ముగూడెం లేసు ఇంగ్లండు దాకా పోయింది. అడవి అంచున ఒక చోటికీ సముద్రం అంచున ఒక చోటికీ ఒకే తెల్ల దారం అందడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

నేను చూసింది మాత్రం వేరే. వాళ్లలో ఒకావిడ తను అల్లిన గుండ్రటి ముక్కను తెల్ల గుడ్డ మీద పరిస్తే పువ్వు కనపడలేదు. కొంచెం పైకెత్తి పట్టుకుంటే, కంతల వెనక నీడ చేరి, పువ్వు రేకు రేకుగా బయటికొచ్చింది. తెలుపు మీద తెలుపు చదవడానికి అంత నీడ చాలు. మర్నాటి పనికి ఇంతకంటే మంచి పాఠం ఎవరూ చెప్పలేరు.

తెల్లారుజామున మాధవాయిపాలెం రేవుకు చేరేసరికి వశిష్ఠ గోదావరి లేదు. రేవు మెట్లు దిగుతూ దిగుతూ మంచులో కలిసిపోయాయి. సఖినేటిపల్లి వెళ్లే పంటు హారన్ మాత్రం వినపడుతోంది. మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు, ఒక కారు, తలకు మఫ్లర్లు చుట్టుకున్న మనుషులు. మంచు కాస్త విడిచాక పంటు కదిలింది. నది మధ్యలోకి వచ్చేసరికి రెండు గట్లూ కనపడలేదు. పైన తెలుపు, కింద తెలుపు, మధ్యలో ఇనప రేకు మీద మేం. మేనల్లుడు ఫోన్‌తో ఒక ఫొటో తీసి చూపించాడు. బూడిద రంగులో, మబ్బు పట్టిన సాయంత్రంలా వచ్చింది. "నా కంటికి ఇంత చీకటిగా లేదు మామా."

వాడన్నది నిజం. కెమెరాలోని మీటర్‌కి ఎదురుగా ఉన్నది మంచో బొగ్గో తెలీదు. స్థూలంగా, తన మీద పడ్డ వెలుగులో 18 శాతం తిప్పి పంపే నడిమి బూడిద రంగు వస్తువునే చూస్తున్నానని అది లెక్క కడుతుంది. తెల్లటి మంచును చూపిస్తే దాన్ని కూడా ఆ బూడిదలోకి లాక్కొస్తుంది. అందుకే మంచులో తీసేటప్పుడు మీటర్ చెప్పినదానికంటే ఒకటిన్నర, ఒక్కోసారి రెండు స్టాపుల వెలుగు ఎక్కువ ఇవ్వాలి. ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు. రెండు స్టాపులంటే నాలుగు రెట్లు. 1939-40ల్లో లాస్ ఏంజెలిస్‌లో పాఠాలు చెబుతూ ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఫొటోగ్రాఫర్లు కలిసి తయారుచేసిన జోన్ పద్ధతి చెప్పేది ఇదే. నలుపు సున్నా, వట్టి కాగితం తెలుపు పది, నడిమి బూడిద అయిదు. మీటర్ దేన్నయినా అయిదులో పెడుతుంది. అది ఎక్కడ ఉండాలో ఫొటో తీసేవాడు తేల్చుకోవాలి. మంచును నేను ఏడుకి కాస్త అటూ ఇటూగా ఉంచుతాను. అక్కడిదాకా తెలుపులో ఇంకా పదార్థం ఉంటుంది. పదిలో ఏమీ ఉండదు.

అంతర్వేది ఊరు, గుడి గోపురం, కొబ్బరి తోటలు, సరుగుడు చెట్లు, అన్నీ ఒకటొకటిగా మంచులోంచి దగ్గరికొచ్చి మళ్లీ వెనక్కి పోయాయి. మాఘంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి ఈ దారి నిండా జనం ఉంటారు. మేం వెళ్లినప్పుడు టీ కొట్టు తెరిచే అబ్బాయి తప్ప ఎవరూ లేరు. గుడి దాటి నది సముద్రంలో కలిసే చోటికి నడిచాం. అక్కడి వాళ్లు అన్నాచెల్లెళ్ల గట్టు అనే చోటు ఇదే. ఏటి నీరు ఒక రంగు, సముద్రపు నీరు ఒక రంగు, రెండూ కలిసేచోట ఒక గీత. వానాకాలంలో గోదావరి ఎర్రనీటితో వచ్చినప్పుడు ఆ గీత ఎవరికైనా కనపడుతుంది. పుష్యంలో ఏరు తేరుకుని, తేడా బాగా పలచబడుతుంది. మంచులో అయితే ఊహలాగా ఉంటుంది. నేను వెళ్లింది ఆ పలచటి గీత కోసమే.

తీరం ఇక్కడ దక్షిణానికి తిరిగి ఉంటుంది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయాన లేస్తాడు కాబట్టి సముద్రం మీంచే వస్తాడు. మంచు వెనక నుంచి వెలుగు వస్తే మంచు మొత్తం తనే వెలుగుతున్నట్టు ఉంటుంది. ఎదురెండ అంటే భయపడే కెమెరావాళ్లకు మంచు రోజున ఆ భయం అక్కర్లేదు. మంచు ఆ వెలుగునంతా పీల్చుకుని సమంగా పరిచేస్తుంది. నీడలుండవు. హైకీకి కావాల్సిన సరంజామా అంతా ఆకాశమే పెట్టేసింది. 'మాయాబజార్' (1957)లో కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే వెన్నెలను దీపాలతో కట్టాడంటే అది స్టూడియో. ఆ వెలుగు ఆయన చేతిలో ఉంది. తీరంలో మన చేతిలో ఉండేది వేళ ఒక్కటే. ముందో వెనకో ఒక అరగంట.

ఇసుక మీద నల్లటి చారలున్నాయి. ఈ తీరం పొడుగునా ఇసుకలో ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. అల తేలిక రేణువుల్ని ఈడ్చుకుపోతే బరువైనవి ఆగిపోయి, కాటుకతో దిద్దినట్టు గీతలు పడతాయి. వాటిని ముందు పెట్టుకుని కొన్ని బొమ్మలు తీశాను. ఆ చారలు బొమ్మ అడుగున ఉంటే మిగతా తెలుపు ఎగిరిపోకుండా నిలబడుతుంది.

తర్వాత పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ తగిలించాను. ఇది వెలుగును వెయ్యో వంతుకు తగ్గించే నల్ల అద్దం. సెకనులో 30వ వంతు సరిపోయే చోట 34 సెకన్లు తెరిచి ఉంచాలి. అంతసేపట్లో అలలన్నీ ఒకదానిమీద ఒకటి పడి పాలనురగ అయిపోతాయి. మైకేల్ కెన్నా అనే బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ జపాన్‌లోని హొక్కైడో మంచులో తీసిన బొమ్మలు చూసినవాళ్లకు ఈ పద్ధతి మీద మోజు కలుగుతుంది. నాకూ ఉంది. కానీ మన తీరానికి అది ఎంతవరకు నప్పుతుందో ఆలోచించాలి. ఆ అరనిమిషంలో కదిలేదంతా చెరిగిపోతుంది. నీటి అంచున నడిచే మనిషి, ఎగిరే కొంగ, ఊగే పడవ, ఏదీ మిగలదు. కోనసీమ తీరంలో మనిషి లేని చోటు లేదు. మనుషుల్ని తుడిచేసి ప్రశాంతత అని పేరు పెట్టడం నాకు ఒప్పలేదు. ఫిల్టర్ తీసేశాను.

అప్పుడు కనపడింది పడవ. ఒడ్డుకు కాస్త ఎడంగా, నిలకడ నీటిలో, ఒక ఫైబర్ పడవ. అందులో ఒక పెద్దాయన ఇంజిన్ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. పడవ కొన సముద్రం వైపు. ఎదురుగా ఏమీ లేదు. మంచు తప్ప.

నన్ను చూసి ఆయనే పలకరించాడు.

"ఏం తీత్తారండి ఇప్పుడు? ఏం కనపట్టం లేదు కదండి."

"కనపడకపోవడమే కావాలి బాబాయ్."

"మాకైతే కనపడాలండి బాబూ. మొగ ఎక్కడుందో తెలీకుండా ఎల్తే ఇసక తిప్పెక్కేత్తాదండి పడవ. అల అడ్డంగా కొడితే ఇంక అంతేనండి. తొమ్మిదింటి దాకా ఇలాగే కూకోవాలండి, ఆయ్."

నది నోటిని వాళ్లు మొగ అంటారు. వరద వచ్చిన ప్రతిసారీ ఇసుక కొత్త చోట మేట వేసి మొగ జరుగుతూ ఉంటుంది. మంచులో ఎటు వెళ్లాలో చెవితో కొంత తెలుస్తుందట. అల విరిగే చప్పుడు ఎటు గట్టిగా ఉంటే అటు ఇసుక ఉన్నట్టు. "మంచంటే మీకు సినిమాలాగ ఉంటాదండి. మాకు కళ్లకి గంతలు కట్టినట్టండి," అన్నాడు. కోపంగా అన్లేదు. ఉన్నమాట చెప్పాడు.

ఈ మాటతో నేను చేస్తున్న పని మొత్తం నాకు మళ్లీ కొత్తగా కనపడింది. హైకీ సముద్రం అనగానే చూసేవాళ్లకు తోచేది శాంతి. క్యాలెండర్లలో, హోటల్ గోడల మీద, పుస్తకాల అట్టల మీద అదే చూసి చూసి తెలుపంటే నెమ్మది అని అలవాటైపోయింది. పడవలో కూర్చున్నాయన మనసులో ఉన్నది అది కాదు. వేచి ఉండటం, కాస్త భయం, పూట పోతోందన్న చికాకు. అదే తెలుపు రెంటికీ సరిపోతుంది. ఏది చెబుతుందన్నది ఆ ఒక్క నల్లటి వస్తువును ఎక్కడ పెడతామన్న దాని మీద ఉంది. పడవను బొమ్మ నడిమధ్యన పెడితే, అటూ ఇటూ సమానమైన తెలుపుతో, అది విశ్రాంతి. పడవను ఒక అంచుకి జరిపి, కొన ముందు బొమ్మలో ముప్పాతిక భాగం ఖాళీ వదిలేస్తే, ఆ ఖాళీ బరువెక్కుతుంది. చూసేవాడు కూడా దాంట్లోకి తొంగి చూస్తాడు. ఆయన చూస్తున్నట్టే.

పెద్దాయన్ని అడిగి ఆ రెండో రకంగా తీశాను. ఐఎస్ఓ 200, ఎఫ్ 8, సెకనులో 60వ వంతు. మీటర్ చెప్పినదానికంటే ఒకటీ రెండు మూడో వంతుల స్టాపులు ఎక్కువ. పడవ కుడి అంచుకు, కింద. కొన ఎడమకు. నది కుడి నుంచి వచ్చి పడవ కిందుగా పోతోంది. ఆ పలచటి గీత, ఏటి నీరు సముద్రపు నీరు కలిసేది, బొమ్మ మధ్యలో వంకరగా ఉంది. బొమ్మలో ఏ వెలుగు ఎంతుందో గీసి చూపే హిస్టోగ్రామ్ చూస్తే కొండ అంతా కుడివైపు చేరింది గానీ గోడను తాకలేదు. ఆ కొంచెం జాగా వదలడం ముఖ్యం. కెమెరా దిద్దకుండా దాచే రా ఫైల్‌లో వెలుగు విలువలు సమంగా పంచి ఉండవు. 14 బిట్ ఫైల్‌లో మొత్తం 16,384 మెట్లుంటే అందులో సగం, 8,192, అన్నిటికంటే పైన ఉన్న ఒక్క స్టాప్‌కే. దాని కిందిదానికి 4,096. అలా సగం సగం తగ్గుతూ పోతాయి. తెలుపులో తేడాలు కావాలంటే ఆ మెట్లు ఎక్కువగా ఉన్నచోటనే బొమ్మను పెట్టాలి. చీకటిగా తీసి తర్వాత లేపుతాం అంటే మెట్లు పోతాయి, గింజ పైకొస్తుంది.

ఎండెక్కాక పల్లిపాలెం వైపు వెళ్లాం. అది మత్స్యకారుల పేట. పోటు పెద్దగా ఉన్న రోజుల్లో సముద్రం ఇళ్ల దాకా వస్తుంది. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయి ఉన్నాయి. గట్టు కోసుకుపోయి, వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. అక్కడ కూడా పల్చగా మంచుంది, కావాలంటే హైకీ అయ్యేది. అందంగా కూడా వచ్చేది. తియ్యలేదు. ఉన్న వెలుగులో, ఉన్న మట్టి రంగులో, గట్టిగా కనపడేట్టు తీశాను. ఊరు కోతకు గురవుతున్నదాన్ని తెల్లటి కలగా మార్చి చూపిస్తే అక్కడి వాళ్లకు అన్యాయం జరుగుతుంది. ప్రాసెసింగ్‌లో చేసే ప్రతి ఎంపిక వెనకా ఇలాంటి ఆలోచన ఉండి తీరాలని నా నమ్మకం.

దీని వెనక నా వృత్తి ఉంది. స్టూడియోలో రోజూ వినే మాట "కాస్త తెల్లగా చెయ్యి అన్నా." పెళ్లిచూపుల ఫొటో, హాల్‌టికెట్ ఫొటో, ఆఖరికి పోయినవాళ్ల ఫొటో కూడా. ఎండలో పని చేసే మనుషుల ఊరు మాది. మా వాళ్ల ఒంటి నలుపులో ఎన్ని రంగులున్నాయో, ఎర్రమట్టి ఛాయ, రాగి ఛాయ, నల్లరేగడి ఛాయ, అవన్నీ ఒక్క స్లైడర్‌తో పిండిబొమ్మ రంగులోకి పోతాయి. కోయ పెళ్లికూతురి ముఖం అలా మార్చమని ఎవరైనా అడిగితే కూర్చోబెట్టి, రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. చాలామంది ఉన్న రంగుదే తీసుకెళ్తారు. ముఖాన్ని తెల్లబరచడం, తీరాన్ని హైకీలో చూపించడం, పనిముట్లు ఒకటే అయినా, రెండూ వేరు వేరు పనులు. మంచుకు తెలుపు దాని సొంతం. పడవలో పెద్దాయన ముఖానికి నలుపు ఆయన సొంతం. రెండూ ఎవరివి వారికి ఉండాలి.

ఇంటికొచ్చాక ఆ ఫైల్ తెరిచాను. మొదట వైట్ బ్యాలెన్స్. మంచు కెమెరాకు నీలంగా కనపడుతుంది. కాస్త వెచ్చదనం ఇచ్చాను, పసుపు కానంతవరకు. షాడోస్ బాగా లేపాను. హైలైట్స్ కొద్దిగా తగ్గించాను, మంచులోని మడతలు పోకుండా. వైట్స్ స్లైడర్‌ను ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని జరిపితే ఎక్కడ వట్టి కాగితం అయిపోతోందో కనపడుతుంది. ఒక్క చుక్క కనపడగానే వెనక్కి వచ్చాను. డీహేజ్ అనే స్లైడర్‌ను ఎడమకి జరిపితే లేని మంచు కూడా వస్తుంది. దాన్ని నేను ముట్టను. మంచు కావాలంటే పుష్యమాసం దాకా ఆగాలి.

అసలు పని గీత దగ్గర. ఏటి నీటికీ సముద్రపు నీటికీ మధ్య తేడా, నలుపును సున్నాగా తెలుపును 255గా లెక్కించే తెర మీద, మూడు నాలుగు అంకెలకు మించి లేదు. మొత్తం బొమ్మకు కాంట్రాస్ట్ పెంచితే మంచు ముతకబడుతుంది. టోన్ కర్వ్‌లో పైభాగంలో, ఆ రెండు విలువలున్న చోట మాత్రమే, కొంచెం నిటారుగా వంచాను. మిగతాదంతా అలాగే పడుకుని ఉంది. తేడా ఏడెనిమిది అంకెలయింది. చాలు. గీత వచ్చింది, అరిచి చెప్పకుండా. ఆ తర్వాత పడవకు మాస్క్ వేసి, షాడోస్ లేపినప్పుడు పోయిన నలుపు దానికి తిరిగిచ్చాను. ఇంజిన్, పడవ అడుగు, పెద్దాయన భుజం, ముఖం. బొమ్మ మొత్తంలో నిజమైన నలుపు అక్కడే ఉంది. వందలో రెండు పాళ్లు కూడా ఉండదేమో. అది లేకపోతే మిగతా తెలుపు చదవడానికి కంటికి ఆధారం దొరకదు.

ఫొటోగ్రఫీ తొలినాళ్లలో ఇదంతా తలకిందులుగా జరిగింది. ఆనాటి కొలోడియన్ ప్లేట్లు నీలానికి అతిగా స్పందించేవి. సముద్రానికి సరిపడా వెలుగిస్తే ఆకాశం వట్టి తెలుపైపోయేది, మబ్బులుండేవి కావు. ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే 1856-57ల్లో సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఒక నెగటివ్ తీసి, రెంటినీ దిగంతం దగ్గర కలిపి ప్రింట్ చేశాడు. చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. ఆయన పోయిన మబ్బుల్ని తిరిగి తేవడానికి అంత శ్రమపడ్డాడు. మబ్బులన్నీ దొరికే కెమెరా చేతిలో ఉండి మనం వాటిని వదులుకోవడానికి శ్రమపడుతున్నాం.

వదులుకోవడం మన చిత్రకారులకు ముందే తెలుసు. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లినప్పుడల్లా నేను నీటిరంగుల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. పలచని నీటిరంగుల్లో తెలుపనే రంగు వెయ్యరు. తెలుపు కావాల్సినచోట కాగితాన్ని ముట్టకుండా వదిలేస్తారు. అంటే కుంచె ముంచక ముందే ఎక్కడ వదలాలో తేల్చుకోవాలి. రామారావు 1897లో పుట్టి 1925లో, 28 ఏళ్లు నిండకుండానే, మశూచితో పోయాడు. ఆయన్నీ అడివి బాపిరాజునూ చేరదీసిన రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కూడా నీటిరంగుల మనిషే. గోదావరి ఒడ్డున వందేళ్ల కిందట ఆ పాఠం నడిచింది. మనం దాన్ని జపాన్ బొమ్మల్లో వెతుక్కుంటున్నాం. వాటినీ చూడాలి. ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో 1980 నుంచి తీస్తూ వచ్చిన సముద్రాలు, సగం నీరు సగం ఆకాశం, నన్ను నిలబెట్టేశాయి. కానీ రాజమండ్రి మనకు దగ్గర.

ప్రింట్ వేయించడానికి ఖమ్మం వెళ్లాను. హైకీ బొమ్మకు మెరిసే కాగితం పనికిరాదు. మెరుపు గదిలోని ట్యూబ్‌లైటును అద్దంలా పట్టి, ఉన్న సన్నటి తేడాల్ని మింగేస్తుంది. మ్యాట్ కాగితం తీసుకున్నాను, అందులోనూ నీలపు తెలుపు కాకుండా కాస్త పాలతెలుపు ఉన్నది. బొమ్మ అంచులు కాగితంలో కలిసిపోకుండా చుట్టూ సన్నటి బూడిద గీత ఒకటి వేయించాను. మంచులోని అత్యంత తెల్లటి చోటు కూడా 250కి మించకుండా చూసుకున్నాను. అప్పుడే కాగితం మీద ఇంకు అనేది కొంచెమైనా పడుతుంది. ఇలాంటి బొమ్మ తెర మీద ఎంత బాగున్నా కాగితం మీదే తేలాలి. తెర తనే వెలుగుతుంది కాబట్టి తెలుపుకు ఊరికే సాయం చేస్తుంది. కాగితం ఆ సాయం చెయ్యదు.

ఒక ప్రింట్ అంతర్వేది పెద్దాయనకు పంపాను. ఒకటి స్టూడియోలో, గెల కోసే మనిషి బొమ్మ పక్కన పెట్టాను. మా ఊరి వాళ్లకు మొదట అది బొమ్మలా అనిపించలేదు. "ఫొటో రాలేదా అన్నా?" అని ఒకమ్మాయి అడిగింది. వివరించలేదు. దగ్గరికి పోయి చూడమన్నాను.

మొన్న మల్లారం వైపు పామాయిల్ తోటలున్న ఒక రైతు, మనవరాలి ఫొటో కోసం వచ్చి, వంతు వచ్చేదాకా దాని ముందు నిలబడ్డాడు. చాలాసేపటికి, "ఈయన దేనికోసం చూస్తున్నాడు?" అన్నాడు.

"మంచు విడవాలని పెద్దనాన్నా. మొగ కనపడితే గానీ సముద్రంలోకి పోలేడు."

"ఏరు ఇటు నుంచి వచ్చేదే గదా?" అని కుడివైపు వేలు పెట్టి, గీత వెంబడి ఎడమకు జరిపాడు. వేలు సరిగ్గా గీత మీదే నడిచింది. "ఇది మన భద్రాచలం నీళ్లేగా."

"మన నీళ్లే."

మనవరాలి ఫొటో అయ్యాక డబ్బులిస్తూ, నరసాపురంలో పంటు పొద్దున ఎన్నింటికి మొదలవుతుందని అడిగాడు. మంచు విడిచేదాకా కదలదు, ముందే వెళ్లి రేవులో కూర్చోవాలని చెప్పాను.